ట్రైనీ మేనేజర్‌గా స్టోర్‌లో చేరుతున్నారా? పని ఇలా నేర్చుకోండి

ఆఫర్ లెటర్‌లో ట్రైనీ మేనేజర్ అని ఉంటుంది, ఇంట్లో అందరికీ మేనేజర్ ఉద్యోగం వచ్చిందనే చెప్పి ఉంటారు, తీరా మొదటి రోజు వెళ్తే కట్టర్ చేతికిచ్చి సబ్బుల కార్టన్లు విప్పి అరల్లో సర్దమంటారు. చాలామందికి అక్కడే మనసు విరిగిపోతుంది. ఎంబీఏ చేసి ఈ పనా అని నెల తిరక్కుండా మానేసినవాళ్లను ఎంతోమందిని చూశాను. నేను హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక చెయిన్ స్టోర్‌లో ట్రైనీగా చేరాను, తర్వాత నగరంలో ఇంకో రెండు చోట్ల పని చేశాను, ఇప్పుడు కొత్తగా వచ్చే ట్రైనీలకు పని నేర్పుతున్నాను. వాళ్లకు మొదటి రోజు చెప్పే మాటే మీకూ చెబుతాను. స్టోర్‌లో కంప్యూటర్ ఒక లెక్క చెబుతుంది, అర ఇంకో లెక్క చెబుతుంది. ఆ రెండూ ఎక్కడ కలవడం లేదో కనిపెట్టి కలపడమే మేనేజర్ పని, కార్టన్ విప్పనివాళ్లకు ఆ తేడా ఎప్పటికీ కనబడదు.

చేరే ముందు

కాగితం సరిగ్గా చదవండి. ట్రైనింగ్ ఎన్ని నెలలు, కన్ఫర్మేషన్ దేన్ని బట్టి ఇస్తారు, ఇచ్చేది స్టైపెండా జీతమా, పీఎఫ్ ఎప్పటి నుంచి, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలా, వేరే ఊరికి పంపిస్తారా, ఇవన్నీ హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, వాళ్ల దగ్గర వదిలి రావద్దు. ఇంటికి దగ్గరి స్టోర్ అడగడానికి మొహమాటపడకండి. కొంపల్లిలో ఉంటూ ఎల్బీ నగర్‌లో క్లోజింగ్ షిఫ్ట్ చేస్తే, రాత్రి షట్టర్ దించి లెక్క ముగించి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, మర్నాడు ఓపెనింగ్ పడిందంటే ఇక నిద్రే ఉండదు. ఇంకొకటి, మెత్తటి అడుగున్న బూట్లు మొదటి జీతం దాకా ఆగకుండా ఇప్పుడే కొనుక్కోండి. రోజంతా నిలబడే ఉద్యోగం ఇది.

మొదటి రెండు వారాలు ఫ్లోర్ మీదే

ఆఫీస్ గదిలోకి వెళ్లకండి. సరుకు సర్దేవాళ్లతో కలిసి సర్దండి. ఏ వస్తువు ఏ అరలో ఎన్ని వరుసలు ఉండాలో చెప్పే ప్లానోగ్రామ్ కాగితం ఒకటి ఉంటుంది, అది చేతిలో పెట్టుకుని రోజుకో గండోలా (అరల స్టాండు) చొప్పున తిరగండి. పది రోజుల్లో కళ్లు మూసుకుని చెప్పగలగాలి కందిపప్పు ఎక్కడుందో, పిల్లల డైపర్లు ఎక్కడున్నాయో. కస్టమర్ అడిగినప్పుడు "అటు వెళ్లండి" అని చెయ్యి చూపించకుండా, వాళ్లతో నడిచి వెళ్లి చూపించండి, దారిలో అర ఎలా ఉందో మీకూ తెలుస్తుంది.

సర్దేటప్పుడు ఒకే సూత్రం: ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు వరుసలో. స్టోర్‌లో దీన్ని ఫెఫో అంటారు. వినడానికి తేలికే గానీ, పొద్దున్నే పాల క్రేట్లు వచ్చినప్పుడు తొందరలో కొత్త ప్యాకెట్లు ముందు పెట్టేస్తే నిన్నటివి వెనక ఉండిపోతాయి, రెండు రోజులకు అవి డంప్, అంటే పారేయాల్సిందే. పాలు, పెరుగు, బ్రెడ్, ఇడ్లీ పిండి, పనీర్, ఈ అయిదింటి తేదీలు రోజూ పొద్దున మీరే మీ కళ్లతో చూడండి, వేరేవాళ్లు చూశామన్నా సరే. పాలు, పెరుగు పెట్టే చిల్లర్ 5 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి, ఆ అంకెలు రిజిస్టర్‌లో రాసేటప్పుడు నిజంగా మీటర్ చూసి రాయండి. నిన్నటి అంకే ఇవాళ కూడా దించేసిన రిజిస్టర్లు నేను చూశాను, ఆ ఫ్రీజర్ చెడిపోయిన సంగతి ఐస్‌క్రీమ్ కారిపోయాక గానీ తెలియలేదు.

కూరగాయల దగ్గర కనీసం మూడు రోజులు పొద్దున ఆరింటికే వెళ్లండి. టమాటా క్రేటు దింపగానే అడుగు నుంచి చెయ్యి పెట్టి చూడాలి, పైన ఉన్నవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఆకుకూరలు మధ్యాహ్నానికి వాడిపోతాయి కాబట్టి మొత్తం ఒకేసారి బయట పెట్టకుండా రెండు విడతలుగా పెట్టండి. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి, దాని సర్టిఫికెట్ ఎక్కడ పెట్టారో కనుక్కోండి, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగే వాటిలో అదొకటి.

అర మీద ధర, బిల్లులో ధర

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. నేను చేరిన మూడో వారం. అర మీద నూనె ప్యాకెట్‌కి ఆఫర్ ధర ట్యాగ్ ఉంది, బిల్లులో 14 రూపాయలు ఎక్కువ పడింది. ఆఫర్ ముందు రోజే అయిపోయింది, ట్యాగ్ తీయలేదు, అంతే. క్యాషియర్ "సిస్టమ్‌లో ఇంతే ఉందమ్మా" అంటున్నాడు. ఆవిడ గొడవేమీ పెట్టుకోలేదు, ప్యాకెట్ పక్కన పెట్టి, "రాసింది ఒకటి, తీసుకునేది ఒకటా నాయనా" అని వెళ్లిపోయారు. 14 రూపాయల తేడాకి ఆ ఇంటి నెల సరుకులు మా స్టోర్‌కి లేకుండా పోయాయి.

అందుకే రోజూ పొద్దున స్టోర్ తెరిచే ముందు ఇరవై వస్తువులు తీసి స్కాన్ చేయండి, ట్యాగ్‌తో పోల్చండి. ఏ ఇరవై అంటే: నిన్న ఆఫర్ ముగిసినవి, ఇవాళ ఆఫర్ మొదలైనవి, ఎంఆర్‌పీ మారి కొత్త స్టాక్ వచ్చినవి. ఒకే సబ్బు రెండు ఎంఆర్‌పీలతో పక్కపక్కనే ఉంటుంది, బార్‌కోడ్ మాత్రం ఒకటే, క్యాషియర్ ఏ ధర ఎంచుకుంటే అది పడుతుంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ తగ్గినప్పుడు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి గదా, పాత ధర ముద్రించిన ప్యాకెట్లు అప్పటికింకా అరల్లోనే ఉన్నాయి, ట్యాగులు మార్చడానికి స్టోర్లలో రాత్రుళ్లు కూర్చున్నారు. అలాంటి రోజు మళ్లీ వస్తే మీరే ముందుండి చేయాలి. ప్యాకెట్ మీది ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా చట్టానికి విరుద్ధం. తేడా వస్తే వాదించకండి, తక్కువ ధరకే ఇచ్చేయమని క్యాషియర్‌కి చెప్పే అధికారం మీకు ఉందో లేదో మీ స్టోర్ మేనేజర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

కస్టమర్లు అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా తెలిసి ఉండాలి. బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకుంది, 25 ఉండాలి కదా అని వారానికి ఒకరైనా అడుగుతారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి అమ్మే బియ్యం మీద 5 శాతం జీఎస్‌టీ వచ్చింది, ఆ పైన బరువుంటే అది పడదు, అందుకే మిల్లర్లు 26 కిలోల బస్తాలు కడుతున్నారు. ఇలా చెబితే వాళ్లకు నమ్మకం కలుగుతుంది. "ఏమో సార్, అలాగే వస్తున్నాయి" అంటే బరువులోనే ఏదో మోసం ఉందనుకుంటారు.

సరుకు దించుకునే చోట

లారీ వచ్చినప్పుడు వెనక గేటు దగ్గర ఉండండి. ఇన్‌వాయిస్‌లో 24 ఉంటే 24 లెక్కపెట్టి, తేదీలు చూసి, తడిసినవీ పగిలినవీ పక్కన పెట్టి, అప్పుడే జీఆర్‌ఎన్, అంటే సరుకు అందిందని సిస్టమ్‌లో పెట్టే ఎంట్రీ, కొట్టాలి. డ్రైవర్ తొందరపెడతాడు, ఆయనకు ఇంకో మూడు స్టోర్లు ఉంటాయి, అయినా సంతకం మీది. ఒకసారి జీఆర్‌ఎన్ కొట్టాక తక్కువ వచ్చిందంటే ఎవరూ వినరు, అది స్టోర్ ఖాతాలో షార్టేజ్‌గా పడిపోతుంది. సెల్లార్‌లో స్టాక్ పెట్టే స్టోర్ అయితే జూన్ నుంచి నేల మీద ఒక్క కార్టన్ కూడా ఉండకూడదు, అన్నీ ప్యాలెట్ల మీదే. ఒక్క గంట గట్టి వాన పడితే మన నగరంలో సెల్లార్లు ఏమవుతాయో మీకు చెప్పక్కర్లేదు.

కంప్యూటర్‌లో ఉండి అరలో లేని సరుకు

మొత్తం ట్రైనింగ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

సిస్టమ్‌లో ఒక బిస్కెట్ ప్యాకెట్ స్టాక్ 6 అని ఉంది, అరలో సున్నా. ఆ ఆరు ఎవరో తీసుకుపోయారో, పాడైతే పడేసి ఎంట్రీ చేయలేదో, అసలు రానేలేదో. ఇప్పుడు ఏమవుతుంది? చాలా చెయిన్లలో ఇండెంట్, అంటే సరుకు కావాలనే ఆర్డర్, దానంతట అదే పడుతుంది, స్టాక్ ఇంతకన్నా తగ్గితే ఇంత పంపు అని. సిస్టమ్ దృష్టిలో ఆరు ఉన్నాయి కాబట్టి అది ఆర్డర్ పెట్టదు. ఆర్డర్ లేదు కాబట్టి సరుకు రాదు. సరుకు లేదు కాబట్టి అమ్ముడుపోదు, అమ్ముడుపోలేదు కాబట్టి దానికి గిరాకీ లేదనుకుంటుంది సిస్టమ్. ఇలా నెలల తరబడి ఖాళీగా ఉండిపోయే వస్తువులు ప్రతి స్టోర్‌లో ఉంటాయి, ఆ ఖాళీ కనబడకుండా పక్క వస్తువును అటు జరిపి సర్దేస్తారు. మీరు చేయాల్సిందల్లా వారానికి రెండుసార్లు, స్టాక్ ఉంది గానీ పది రోజులుగా ఒక్కటీ అమ్ముడుపోలేదు అనే వస్తువుల జాబితా తీసి, ఒక్కొక్కటీ అర దగ్గరికి వెళ్లి చూడటం.

దీనికి ఉల్టా కూడా ఉంది. ఒకావిడ ఒకే ధర ఉన్న నాలుగు రకాల నూడుల్స్ తెస్తారు, క్యూ పెద్దగా ఉంది, క్యాషియర్ ఒకదాన్నే స్కాన్ చేసి నాలుగు అని కొట్టేస్తాడు. డబ్బు లెక్క సరిగ్గానే ఉంటుంది. స్టాక్ లెక్క మాత్రం నాలుగు చోట్ల తప్పుతుంది, ఒక రకం ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, మిగతా మూడూ లేనివి ఉన్నట్టు చూపిస్తాయి. ఏడాది చివర స్టాక్ లెక్కింపులో తేడా రాగానే అందరూ దొంగతనం అనేస్తారు, స్టాఫ్ బ్యాగులు వెతుకుతారు. ఎంత తేడా దొంగతనం వల్ల వచ్చింది, ఎంత ఇలాంటి తప్పుల వల్ల వచ్చింది అని విడదీసి చూపగలిగితే ఆ స్టోర్‌లో మీ మాటకు విలువ వస్తుంది, మనుషుల మీద అనవసరమైన అనుమానం కూడా తగ్గుతుంది.

షార్టేజ్ ఎంత నష్టమో ఒక లెక్క గుర్తుంచుకోండి. 200 రూపాయల వస్తువు, మార్జిన్ 10 శాతం అనుకుందాం. కొన్నది 180కి. ఒకటి పోయిందంటే ఆ 180 తిరిగి రావడానికి ఇంకో 9 అమ్మాలి. కిరాణాలో మార్జిన్లు సన్నగా ఉంటాయి కాబట్టే ఒక్క ప్యాకెట్ గురించి ఇంత పట్టుదల.

ఇండెంట్ విషయంలో సిస్టమ్‌ని గుడ్డిగా నమ్మకూడదు అనడానికి ఇంకో కారణం మన పండుగలు. వినాయక చవితి 2025లో ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబర్ 14న. నిరుడు ఇదే వారం ఎంత అమ్మాం అని చూస్తే బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరికాయలు రెండు వారాల ముందే వచ్చి కూర్చుంటాయి, పండుగ నాటికి అయిపోతాయి. రంజాన్ అయితే ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది, మెహదీపట్నం, టోలిచౌకి వైపు స్టోర్ అయితే సేమియా, ఖర్జూరం, పాలు నెల ముందే రాసుకోవాలి. శ్రావణ శుక్రవారాలకు పసుపు, కుంకుమ, శనగలు. కార్తీకంలో వత్తులు, దీపం నూనె పెంచి గుడ్లు తగ్గించాలి. ఉద్యోగంలో చేరిన రోజే ఒక తెలుగు క్యాలెండర్ కొని ఆఫీస్ గోడకు తగిలించండి, పెద్ద ఖరీదేమీ కాదు అది, ఏ రిపోర్టూ చెప్పని సంగతి చెబుతుంది.

క్యాష్ కౌంటర్

కనీసం ఒక వారం పూర్తిగా బిల్లింగ్ చేయండి, అది కూడా నెల మొదటి వారంలో, జీతాలు పడిన శనివారం, ఆదివారం కలిసేలా. పొద్దున చిల్లర కోసం ఇచ్చే ఫ్లోట్‌ను ఇచ్చేవాళ్ల ఎదుటే లెక్కపెట్టి సంతకం చేయండి. యూపీఐలో కస్టమర్ ఫోన్ మీద టిక్ మార్క్ కనబడినా మీ మెషిన్‌లో డబ్బు వచ్చినట్టు చూపేదాకా బిల్లు ముగించకండి. బిల్లు రద్దు చేయడానికీ, రిటర్న్ తీసుకోవడానికీ మీ లాగిన్ అడుగుతారు. ఎంత బిజీగా ఉన్నా మీరే వెళ్లి చూసి కొట్టండి, పాస్‌వర్డ్ చెప్పేయకండి. ఆ రద్దులన్నీ మీ పేరు మీదే ఉంటాయి.

నేను ట్రైనీగా ఉన్నప్పుడు ఒక అక్క కౌంటర్‌లో రాత్రి 500 తక్కువ వచ్చింది. ఆ అక్క ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా పది రూపాయలు తేడా తెచ్చిన మనిషి కాదు. ఎవరూ ఏమీ అడగలేదు, ఆ నెల జీతంలో కోసేశారు. వారం తర్వాత తెలిసింది, మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు పక్క కౌంటర్ అబ్బాయి ఆమె డ్రాయర్ నుంచి చిల్లర తీసుకుని నోటు వేయడం మరిచిపోయాడు. అప్పుడు నేను నోరు తెరిచి ఉండాల్సింది, తెరవలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు అలా ఊరుకోకండి. వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వకుండా జీతంలో కోయడానికి చట్టం ఒప్పుకోదు. తేడా వస్తే ముందు బిల్లుల వారీగా, కార్డు మెషిన్ వారీగా లెక్క కలపండి, సీసీ కెమెరా చూడండి, ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఒక డ్రాయర్‌కి ఒకే మనిషి అనే నియమం గట్టిగా పాటిస్తే ఇలాంటివి సగం రావు.

మనుషులు

మీకన్నా పదేళ్లు ముందు నుంచి అక్కడ పని చేస్తున్నవాళ్లు ఉంటారు, జీతం మీకన్నా తక్కువ ఉంటుంది, పని మీకన్నా బాగా తెలిసి ఉంటుంది. అన్నా, అక్కా అని పిలవండి, తెలియనిది అడగండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన అబ్బాయిలు ఉంటే రెండు ముక్కలు హిందీ మాట్లాడండి, మన హైదరాబాద్ హిందీ అయినా చాలు. అందరి ముందు ఎవరినీ తిట్టకండి, ముఖ్యంగా కస్టమర్ ముందు.

షిఫ్టులు వేయడం మీకు అప్పగించినప్పుడు ముందు ఎవరు ఎక్కడి నుంచి వస్తారో రాసుకోండి. ఆడవాళ్లు చాలామంది సిటీ బస్సుల్లో వస్తారు, 2023 డిసెంబర్ నుంచి ఉచితం కాబట్టి దూరం నుంచి కూడా వస్తున్నారు, కానీ రాత్రి పది దాటాక జగద్గిరిగుట్ట బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేం. క్లోజింగ్‌లో ఉన్నవాళ్లు ఎలా వెళ్తారో తెలుసుకోకుండా క్లోజింగ్ వేయకండి. బోనాలప్పుడు సికింద్రాబాద్ వాళ్లకు ఒక ఆదివారం కావాలి, లాల్‌దర్వాజా వాళ్లకు ఇంకో ఆదివారం, స్టోర్‌కి ఆదివారమే ఎక్కువ గిరాకీ. ఇద్దరినీ ముందే కూర్చోబెట్టి మార్చుకోమంటే సర్దుకుంటారు, ఆ పొద్దున చెబితే ఎవరూ రారు. సద్దుల బతుకమ్మ సాయంత్రం, రంజాన్‌లో ఇఫ్తార్ వేళ, నిమజ్జనం రోజు దారులు మూసేయడం, ఇవన్నీ కూడా నెల ముందే కాగితం మీద ఉండాలి. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ రాయండి, కంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇస్తామని నోటి మాట చెప్పి మరిచిపోకండి.

కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పని చేసేవాళ్లకు కూర్చునే వీలు ఉండాలని చట్టంలో చేర్చారు. బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడి కాళ్లు వాచిన ఆడవాళ్లు అడిగి సాధించుకున్నది అది. మన దగ్గర చట్టం చెబితేనే చేయాలా? కౌంటర్ వెనక ఎత్తు స్టూలు వేయండి, క్యూ లేనప్పుడు కూర్చోమని మీరే చెప్పండి. మా స్టోర్‌లో స్టూళ్లు వేశాక బిల్లింగ్ వేగం ఏమీ తగ్గలేదు.

ఎవరైనా సరుకు దాచుకున్నారని అనుమానం వస్తే చెయ్యి పట్టుకోవడం, బ్యాగ్ లాగడం, అరవడం ఏదీ చేయకండి. దగ్గరికి వెళ్లి "బాస్కెట్ ఇవ్వమంటారా అమ్మా" అని అడగండి, చాలాసార్లు వస్తువు తిరిగి అరలోకి వచ్చేస్తుంది. అంతకు మించితే కంపెనీ పద్ధతి ఏదో అదే.

ఒంటరిగా మొదటి క్లోజింగ్

నాలుగైదు నెలల తర్వాత ఒక రాత్రి తాళాలు మీ చేతికిస్తారు. టెన్షన్ పడకుండా వరుస తప్పకుండా చేయండి. ముందు ట్రయల్ రూములు, బాత్రూములు, బ్యాక్ స్టోర్ చూసి లోపల ఎవరూ లేరని నిర్ధారించుకోండి. తర్వాత డ్రాయర్లు ఒక్కొక్కటీ, క్యాషియర్ ఎదుటే. క్యాష్ లాకర్‌లో పెట్టాక డే ఎండ్, అంటే సిస్టమ్‌లో ఆ రోజు లెక్క ముగించడం. చిల్లర్ తలుపులు మూశారో లేదో చేత్తో తోసి చూడండి, ఏసీలూ లైట్లూ ఆపేటప్పుడు ఫ్రీజర్ లైన్ స్విచ్ పొరపాటున ఆపేయకుండా దాని మీద ఎర్ర టేపు అంటించి పెట్టుకోండి. సెక్యూరిటీ అన్న ఎదుట తాళం వేసి, సీల్ నంబర్ రాసి, ఇద్దరూ సంతకం చేయండి. ఆడవాళ్లందరూ బయల్దేరారని తెలిశాకే మీ బండి తీయండి.

బయటికి వచ్చే ముందు ఓపెనింగ్‌కి వచ్చేవాళ్ల కోసం రిజిస్టర్‌లో నాలుగు లైన్లు రాసి పెట్టండి: పెరుగు ఎన్ని ప్యాకెట్లు మిగిలాయి, ఏ ట్యాగులు పొద్దున్నే మార్చాలి, ఏ ఫ్రీజర్ శబ్దం చేస్తోంది, రేపు ఎవరు రావడం లేదు.